నిప్పు నార్పువాని విద్య – దాని యోగ్యతాపత్రము



నేను అగ్నిమాపకదళమున పనిచేసినవాడను కాను. చిత్తూరు సీమలోని పల్లెబడులలో ముప్పదియైదు సంవత్సరములు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొనిన ఉపాధ్యాయుడను. వ్యాకరణము, ఛందస్సు నా విషయములు. నిప్పును గూర్చి మాటాడుటకు నీకేమి యధికారమని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. నా శిష్యుడొకడు మా యింటి యరుగుమీద కూర్చుండి చెప్పిన మాట యొకటి నన్నీ విషయమును విచారించునట్లు చేసినది. విచారించి తెలిసికొనినదానిని మీతో చెప్పుకొనుటయే నేటి ప్రసంగము.

ఆ శిష్యుడు పదవతరగతి వరకు నా యొద్ద చదివెను. పద్యము వాని నోటికి వచ్చెడిది కాదు గాని, బడి బావిలో చేద జారిపడినప్పుడు పాతాళగరిగెతో దానిని పైకి తీయవలెనన్న వాడే రావలెను. తరువాత వాడొక కర్మాగారమున నిప్పుకాపలా దళములో చేరి పండ్రెండు సంవత్సరములు పనిచేసెను. ఆ కర్మాగారము మూతపడినది. వేరొక చోట అదే పని నడుగ బోగా, అక్కడి యధికారి వాని మాటలన్నియు విని, "నీవు చెప్పినదంతయు సరియే. కాని నీవు నేర్చితివనుటకు కాగితమేది?" అని యడిగెనట. వాని చేతిలో నున్నది ఇన్ని సంవత్సరములు పనిచేసినాడని తెలుపు ఉత్తరము మాత్రమే. ఏ పని చేయగలడో అందులో లేదు. కావలసినచో గేటు కాపలాకు తీసికొందుమనిరి; జీతము మునుపటిదానిలో సగము. ఇంట ఇంటర్మీడియటు చదువుచున్న కూతురు, మంచము పట్టిన తల్లి.

"అయ్యవారూ, పని నా చేతిలో ఉండాది, కాగితమే లేదు. ఈ వయసులో మళ్ళా బడికి పోవల్లనా?" అని వాడు తల వంచుకొనెను.

ఆ వారముననే మా వీధిలో నొక యింట వంటగ్యాసు కారినది. ఇల్లాలు కేకలు వేయగా పదిమంది పరుగెత్తిరి. ఒకడు దీపపు మీట వేయబోయెను. మా వాడు వాని చేయి పట్టి యాపి, ఎవ్వరును మీట ముట్టరాదు, అగ్గిపుల్ల గీయరాదు, అని చెప్పి, తలుపులు కిటికీలు బార్లా తెరపించి, రెగ్యులేటరు కట్టి, సిలిండరును బయటి దొడ్డిలోనికి చేర్చెను. ఆ గ్యాసు గాలికన్న బరువైనది కాబట్టి నేలబారుగా వ్యాపించునని, పైకిటికీ తెరచుట చాలదని, తలుపు తెరచి క్రింది గాలి బయటికి పోనీయవలెనని మాకు వివరించెను. ఇదంతయు నాలుగైదు నిమిషముల పని. మీటలోని చిన్న నిప్పురవ్వ చాలును, ఆ యిల్లు నేలమట్టమగుటకు. ఊరందరును వానిని మెచ్చుకొనిరి. కాని ఊరి మెప్పు వానికి జీతము తెచ్చిపెట్టలేదు.

ఈ కథ వినుచుండగా నాకు నా కథయే జ్ఞాపకమునకు వచ్చినది. నేను బాల్యమున మా పెదనాయన గారి యొద్ద కావ్యములు చదివితిని. రఘువంశము, వసుచరిత్రము, చిన్నయసూరి బాలవ్యాకరణము, వీనిని వీధి యరుగుమీదనే వల్లించితిని. ఇరువది యేండ్లకు ఉపాధ్యాయ పదవి నడుగ బోయినప్పుడు, పండిత పరీక్ష ప్యాసయిన కాగితము కావలెననిరి. నాకు కోపము వచ్చినది. పెదనాయన గారికంటె గొప్ప పరీక్షకుడెవ్వడనుకొంటిని. ఐనను గతిలేక పరీక్షకు కూర్చుంటిని. అప్పుడు తెలిసినది, కావ్యములలో నాకు కొరత లేకున్నను భాషాచరిత్రలో నాకు ఓనమాలు రావని, ముప్పదిమంది పిల్లలకు ఒకేసారి పాఠము చెప్పు పద్ధతి నేను నేర్వనే లేదని. పరీక్ష నాకున్నదానికి సాక్ష్యము చెప్పినది, లేనిదానిని చూపినది. ఈ రెండు ఉపకారములును కాగితముకంటె గొప్పవి. ఆ కాగితము పట్టుకొని నేను జిల్లాలో ఏ బడికి పోయినను, మా పెదనాయన గారెవరో తెలియనివారు సైతము నన్ను నమ్మిరి.

పాండిత్యమునకు పరీక్ష తగును గాని, నీళ్ళు చల్లుటకు పరీక్ష యేమిటని కొంద రనవచ్చును. నిప్పు నార్పుట కూలిపని యని మనలో చాలమంది భావము. అది పొరబాటు. మన ప్రాచీనులే దానిని రాజ్యాంగములోని భాగముగా నెంచిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరపాలనమును చెప్పు ప్రకరణములో, ప్రతి గృహస్థును నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, అంకుశము, తోలుతిత్తి మొదలగువానిని ఇంట నుంచుకొనవలెనని నియమము కలదు. పొరుగిల్లు మండుచుండగా పరుగెత్తి రాని ఇంటియజమానికి 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు జరిమానా. ఈ పనిముట్ల పట్టికను చూడుడు. నీటికుండ చల్లార్చుటకు, గొడ్డలియు అంకుశమును కప్పును లాగివేసి నిప్పునకు మేత లేకుండ చేయుటకు, నిచ్చెన మనుష్యుని దించుటకు. అనగా నిప్పు నార్పుట నీళ్ళు చల్లుట మాత్రమే కాదని ఆనాటివారికి తెలియును.

నేటి శాస్త్రము చెప్పునదియు అదియే. నిప్పు నిలుచుటకు మూడు కావలెను: కాలు పదార్థము, వేడిమి, ప్రాణవాయువు. మూడింటిలో నొకటి తీసివేసిన నిప్పు చచ్చును. ఏది తీయవలెనో తెలిసికొనుటయే విద్య. గడ్డివామికి నీరు పోసిన పైమంట యారునే గాని, లోపలి కణకణ యారదు. వామిని విప్పి, లాగి, పరచి తడుపవలెను. మరుగుచున్న నూనె బాణలి యంటుకొనినప్పుడు నీరు పోసితిరా, ఆ నీరు అడుగునకు దిగి, క్షణములో ఆవిరియై, సుమారు 1,700 రెట్లు పెరిగి, మండుచున్న నూనెను ఇంటికప్పువరకు చిమ్మును. అక్కడ మూత వేసి గాలిని బంధింపవలెను. కరెంటు తీగ మండినచో ముందు మెయిను ఆపవలెను. నీటిగుండా కరెంటు పారి ఆర్పవచ్చినవానినే చంపును. పెట్రోలునకు నురుగు కావలెను. మూసిన గదిలో పొగ నిండినచో, మంటకంటె ముందు కార్బన్ మోనాక్సైడను విషవాయువు మనుష్యుని చంపును. దానికి వాసనయు లేదు, రంగును లేదు. ఇంత తెలిసినవానిని కూలివాడందుమా?

మీకు బాగుగా తెలిసిన మరియొక విషయము చెప్పెదను. మన సీమలో కపిలలు పోయి ఇంజనులు, మోటార్లు వచ్చినప్పుడు, గట్టుమీద బెట్టిన పంపు లోతుబావిలోని నీటిని పీల్చలేక పోయెను గదా. బావిలో దిమ్మె కట్టి మోటారును క్రిందికి దింపితిమి. కారణమేమి? పంపు నీటిని లాగదు. గొట్టములోని గాలిని తీసివేయగా, బయటి గాలి బరువు నీటిని పైకి నెట్టును. ఆ బరువు ఎంత నెట్టినను సుమారు 34 అడుగులకు మించదు. పనిలో 25 అడుగులు దాటుట కష్టము. ఫైరింజనును చెరువుగట్టున నిలిపి నీరు తోడువాడు ఈ లెక్కను ప్రతిదినము పాటించును. బండి ఎక్కడ నిలుపవలెను, పీల్పుగొట్టములో గాలి ఎక్కడ దూరుచున్నది, ఫుట్‌వాల్వు పట్టుచున్నదా లేదా, ఇవన్నియు వానికి కరతలామలకము. అట్టివాడు పల్లెకు తిరిగివచ్చినచో, పంపుసెట్టు మరమ్మతునకు పట్టణమునకు పరుగెత్త నక్కరలేదు.

తెలియకపోవుట ఎంతటి యనర్థమో చూపు దినమొకటి మన దేశచరిత్రలో కలదు. 1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి విక్టోరియా రేవులో ఫోర్ట్ స్టికిన్ అను ఓడ యంటుకొనినది. ఆ యొక్క ఓడలోనే ప్రత్తిబేళ్ళును, సుమారు 1,400 టన్నుల ప్రేలుడు సామగ్రియును నింపబడియుండెను. నిప్పు ప్రత్తిలో రగిలినది. బొంబాయి అగ్నిమాపకులు వచ్చి గొట్టములతో నీరు కుమ్మరించిరి. సాయంకాలము నాలుగు గంటలు దాటగనే ఓడ ప్రేలెను. అరగంటలోపల మరల ప్రేలెను. 66 మంది అగ్నిమాపకులు అసువులు బాసిరి. వారి ధైర్యమున కేలోటును లేదు. లోపమెక్కడ? ప్రత్తి ప్రక్కన మందుగుండు పేర్చిన యేర్పాటులో, ఏ క్షణమున ఎవరు ఆజ్ఞ యీయవలెనో నిశ్చయము లేని పరిపాలనలో. ధైర్యము జ్ఞానమునకు బదులు కాజాలదని ఆ దినము నేర్పినది. అందుచేతనే ఏటేట ఏప్రిల్ 14 మొదలు 20 వరకు దేశమంతట అగ్నిమాపక వారోత్సవము జరుగును.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఈ విద్యకొక క్రమ మేర్పరుప బూనిరి. కేంద్రప్రభుత్వము అగ్నిమాపక విషయములకొక స్థాయీ సలహా సంఘమును నియమించినది. 1956లో జాతీయ అగ్నిమాపక కళాశాల ఉత్తరప్రదేశమందలి రాంపూరులో ఆరంభమై, మరుసటి యేడు నాగపూరునకు మారినది. అక్కడ సబ్ ఆఫీసరు శిక్షణ పొందినవాని కాగితమును దేశములో ఏ మూలనున్న నూనెశుద్ధి కర్మాగారమైనను గుర్తించును. పారిశ్రామిక భద్రతాదళమునకు హైదరాబాదులో అగ్నిమాపక శిక్షణాలయము కలదు. విమానాశ్రయముల వారికి ఢిల్లీలోను కలకత్తాలోను శిక్షణాకేంద్రములు గలవు. పదవతరగతి ప్యాసైన పిల్లవానికి ఐ.టి.ఐ. వృత్తులలో ఆరునెలల ఫైర్‌మన్ శిక్షణయు, ఏడాది పాటి అగ్నిసాంకేతిక, పారిశ్రామిక భద్రతా శిక్షణయు ఉన్నవి. మన రాష్ట్రమున 1999 నాటి అగ్నిమాపక శాసనము ఈ దళమునకు ఆధారము.

ఇవి క్రొత్తగా నేర్చుకొనువారికి. మరి మా శిష్యునివలె పండ్రెండేండ్లు పనిలోనే నేర్చినవానికి మార్గమేది? ఇక్కడనే నేటి ప్రసంగమునకు ప్రాణమున్నది.

ముందొక విదేశపు మాట. 1824లో స్కాట్లండు దేశపు ఎడింబరో పట్టణమున జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ అను యువకుడు అగ్నిమాపకదళమునకు నాయకుడయ్యెను. అతడు మనుష్యులను ఏరిన విధము చూడుడు: ఇంటికప్పులు వేయువారు, వడ్రంగులు, తాపీపనివారు, గొట్టములు బిగించువారు. కప్పు నెక్కుట, దూలము ఎక్కడ విరుగునో యెరుగుట, గోడ వంగిన దాని యర్థము గ్రహించుట, ఇవి వారికి తమ వృత్తిలోనే యలవడినవి. ఒక వృత్తిలో నేర్చినది మరొక వృత్తికి పనికివచ్చునని అతడు గుర్తించెను. అదే నిజమైనచో తిరుగుబాటయు నిజమే కావలెను గదా. నిప్పు నార్పుటలో నేర్చినది వేరొక వృత్తిలో పనికిరావలెను. 1986 ప్రాంతమున ఇంగ్లండులో జాతీయ వృత్తి అర్హతలను నెలకొల్పినప్పుడు, కళాశాలలో కూర్చున్న కాలమును గాక, పనిచోట చేసి చూపిన నేర్పును కొలతగా తీసికొనిరి.

మన దేశమున 2013 డిసెంబరులో జాతీయ నైపుణ్య అర్హతల చట్రమును ప్రకటించిరి. ఇది నిచ్చెన వంటిది. ప్రతి మెట్టునకు ఎంత జ్ఞానము, ఎంత చేతినేర్పు, ఎంత బాధ్యత యుండవలెనో నిర్ణయింపబడినది. నేర్చిన స్థలము బడియా, కర్మాగారమా, తండ్రి కొలిమియా యని కాక, నేర్చినదెంత యని చూచుట దీని సూత్రము. 2018లో జాతీయ వృత్తివిద్యా శిక్షణ మండలి యేర్పడినది. ఎవరు యోగ్యతాపత్రము లీయవచ్చునో, ఎవరు పరీక్షింపవచ్చునో తేల్చు అధికారము దానిది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పూర్వము నేర్చినదానికి గుర్తింపు అను నొక ద్వారము తెరచిరి. మా పెదనాయన గారి యరుగుమీద నేర్చినదానికి నేను పరీక్ష యిచ్చితిని గదా, ఇదియు సరిగా నట్టిదే.

ఆ పద్ధతి యెట్లుండును? మొదట పనివానితో మాటాడి, వాని యనుభవమేదో, ఏ మెట్టునకు తగునో చూతురు. కొన్ని దినములు కొరతలు పూరించు పాఠముండును. తరువాత పరీక్ష. పాఠము చెప్పినవాడు పరీక్షకుడు కారాదు, వేరొకడు రావలెను. గొట్టము విప్పి బిగించుట, నిచ్చెన నిలుపుట, స్పృహ తప్పినవానిని భుజముపై మోసికొని దించుట, శ్వాసయంత్రము తొడుగుట, ఏ నిప్పునకు ఏ మందో చెప్పుట, ఇట్టివి చేసి చూపవలెను, కొంత వ్రాయవలెను. నెగ్గినచో కాగితము వచ్చును. అన్ని వృత్తులకు, అన్ని ఊళ్ళలో, అన్ని వేళల ఈ ద్వారము తెరచియుండదు. కాబట్టి ముందుగా ఐ.టి.ఐ.లోనో, 2014లో మన రాష్ట్రమున నేర్పడిన నైపుణ్యాభివృద్ధి సంస్థ కార్యాలయములోనో విచారించి పోవుట మేలు.

కాగితము వచ్చిన తరువాత దానితో ఎక్కడికి పోవును? మన చుట్టుపట్లనే చూడుడు. సత్యవేడు ప్రక్కన 2008లో నెలకొనిన శ్రీసిటీలో కర్మాగారములు వరుసగా నున్నవి. రేణిగుంటలో విమానాశ్రయమున్నది, రన్‌వే ప్రక్కన అగ్నిమాపక బండి సిద్ధముగా లేనిదే విమానము దిగరాదు. శ్రీహరికోటలో ఆకాశనౌకలకు పోయు ఇంధనము సామాన్యమైనది కాదు. చిత్తూరు చుట్టును మామిడిగుజ్జు కర్మాగారములలో బాయిలర్లు గలవు. తిరుపతిలో పెద్ద ఆసుపత్రులు, వేలమంది దిగు సత్రములు గలవు. వీనియందెల్ల నిప్పునుండి కాపాడు మనుష్యుడు కావలెను.

ఆ విద్యలోని అంగములను విడదీసి చూచిన, ఒక్కొక్కటియు ఒక్కొక జీవనోపాధి. భారీవాహనము నడుపు లైసెన్సు ఒకటి. పంపులు, ఇంజనులు ఎరిగియుండుట మరియొకటి. ప్రథమచికిత్స మూడవది, 1948 నాటి కర్మాగారముల శాసనముననే, ప్రథమచికిత్స పెట్టెను యోగ్యతాపత్రము గలవాని చేతనే యుంచవలెనని నియమించిరి. సెయింట్ జాన్ అంబులెన్సు వంటి సంస్థలు ఆ శిక్షణ నిచ్చి పత్రము లిచ్చుచున్నవి. త్రాళ్ళు, ముళ్ళు, ఎత్తున నిలిచి పనిచేయుట నాలుగవది. అన్నింటికంటె మిన్న, పదిమంది కేకలు వేయుచుండగా తాను తొణకక, ముందేది, తరువాతేది యని నిర్ణయించి, పదిమందిని నడుపుట. ఇది పుస్తకమున దొరకదు.

2014 మార్చిలో శేషాచలము కొండలంటుకొనిన సంగతి మీకు జ్ఞాపకముండవచ్చును. తిరుమల దాపున అడవి రేయింబవళ్ళు మండినది. వైమానికదళపు హెలికాప్టర్లు వచ్చి పైనుండి నీరు కుమ్మరించినవి. నేలమీద మనుష్యులు పచ్చికొమ్మలతో మంటను కొట్టి, ఎండుటాకును ఊడ్చి నిప్పునకు దారిలేకుండ చేసిరి. ఇంటిమంట నార్పినవాడందరును అడవిమంట నార్పలేడు. అచ్చట గాలివాలు, కొండవాలు ఎరుగవలెను. మంట వాలునకు పైకి వడిగా ప్రాకును. కాబట్టి మంటకు మీదివైపున నిలువరాదు. ఈ యొక్క మాట తెలియని మనుష్యుడు కొండపై ప్రాణముతో మిగులుట దుర్లభము. ఇట్టి మాటలు ఒకరి నోటినుండి మరొకరికి దైవవశమున చేరుట కాక, పాఠ్యక్రమమున చేరి, పరీక్షలో అడుగబడి, ప్రతివానికి తెలియవలెను. యోగ్యతాపత్రము పనివాని జీతమునకు మాత్రమే కాదు, వాని ప్రాణమునకును, మన ప్రాణములకును కాపుదల.

ఇందుకు రెండు ఆక్షేపణలు గలవు. కాగితమిచ్చినచో మంచివారందరును ఎక్కువ జీతమునకు వలసపోరా యని మొదటిది. కొందరు పోదురు. నిజమే. కాని పోవుటకు దారి లేనందున నిలిచియున్నవాడు మనసు పెట్టి పనిచేయునా? నేర్చినకొలది మెట్టు పెరుగునని తెలిసినవాడు నేర్చును. ఫైర్‌మన్ లీడింగ్ ఫైర్‌మన్‌గా, ఆపై స్టేషను ఆఫీసరుగా ఎదుగుటకును చదువే యాధారము గదా.

రెండవ ఆక్షేపణ బరువైనది. కాగితమున్నవానికి పని రాకపోవచ్చును. అవును. నా యుద్యోగకాలమున పత్రములు దండిగా నుండి పద్యమొకటి తప్పులేక చదువలేని పండితులను చూచితిని. ఆరు వారములలో ఫైర్ సేఫ్టీ డిప్లొమా, గల్ఫు దేశమున ఉద్యోగము ఖాయము, అని బస్టాండులో గోడలకు కాగితము లంటింతురు. మన పిల్లలు పొలము కుదువబెట్టి రుసుము కట్టుదురు. పెద్దలైన మీరు మూడు ప్రశ్న లడుగుడు. ఈ పత్రమును గుర్తించు ప్రభుత్వమండలి యేది? ఈ శిక్షణ పేరు జాతీయ అర్హతల పట్టికలో నున్నదా? పరీక్ష చేయువాడు పాఠము చెప్పినవాడేనా, వేరొకడా? పట్టిక కంప్యూటరులో దొరకును. మీ మనుమడే తీసి చూపగలడు. ఈ మూడింటికి సూటిగా సమాధానము రానిచోట దమ్మిడీ కట్టవలదు. గొట్టము పట్టనీయక, నిచ్చెన ఎక్కనీయక, గదిలో కూర్చుండబెట్టి పత్రమిచ్చుచోటికి అసలే పోవలదు.

ఇక మన పల్లెలలో మనము చేయదగిన దేమి? మీ యూరివాడెవడైనను అగ్నిమాపకదళమునగాని, కర్మాగారపు నిప్పుకాపలాలోగాని, హోంగార్డుగా గాని పనిచేయుచున్నచో, చేసిన పనులను తేదీలతో నొక పుస్తకమున వ్రాసికొనుమని చెప్పుడు. ఏ దినము ఏ నిప్పు, ఏ పనిముట్టు, తాను చేసినదేమి, పై యధికారి సంతకము. పరీక్షకుని యెదుట అదియే మొదటి సాక్ష్యము. మధ్యలో చదువు మానినవాడైనచో, సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవతరగతి, ఇంటర్మీడియటు ముగించుమని పురికొల్పుడు. పై మెట్లకు అది లేనిదే దారి లేదు. ఏప్రిల్ వారోత్సవమున దగ్గరి ఫైరాఫీసు వారిని మీ యూరికి పిలిచి, చావడి ముందర ఒక గంట చూపించుమని యడుగుడు. నిప్పు పుట్టినప్పుడు 101 గాని 112 గాని పిలువవలెనని పిల్లలకు నేర్పుడు. గడ్డివామిని ఇంటికి దూరముగా వేయించుడు. కౌటిల్యుడు చెప్పిన నిచ్చెన, గొడ్డలి, కుండలు చావడిలో నుంచినను తప్పులేదు. అన్నింటికంటె ముఖ్యము, ఆ పనివానిని ఊరిసభలో పిలిచి, నీకు తెలిసినది మాకు చెప్పుమని కూర్చుండబెట్టుడు. గౌరవము దొరకిన విద్య పెరుగును.

మా శిష్యుని సంగతి చెప్పి ముగించెదను. విచారించి విచారించి వాడు పరీక్షకు పోయెను. చేతిపని యంతయు నెగ్గెను. వ్రాతలో తప్పెను. రసాయనముల పేర్లు, వానిపై నుండు అపాయపు గుర్తులు వాడు కంటితో గుర్తించునే గాని కాగితముమీద పెట్టలేకపోయెను. సిగ్గుపడి నాకు కనబడకుండ తిరిగెను. నేనే కబురు పంపితిని. ఇప్పుడు సాయంకాలము లందు మా యరుగుమీద పాఠము జరుగుచున్నది. వాడు వ్రాయును, నేను దిద్దుదును. మధ్యలో వాడు పంపు సంగతి చెప్పును, నేను వినుచుందును. నీరు పైకెట్లు వచ్చునో, గాలి బరువెంతో, ఇందాక మీకు చెప్పినదంతయు నేను వానియొద్ద నేర్చినదే. అరువది దాటిన తరువాత శిష్యునివలన ఒక విద్య తెలిసికొంటిని.

మరల పరీక్ష యున్నది. ఈసారి నెగ్గునని నా నమ్మకము. నెగ్గకున్నను మూడవమారు పోవుదుమని వాడే యన్నాడు. "పోవుదును" అనలేదు, "పోవుదుము" అన్నాడు. వ్యాకరణము తెలిసినవాడను గనుక ఆ బహువచనము నా చెవికి తగిలినది. మీ యూళ్ళలోను అట్టి మనుష్యుడొకడుండును. వానితో మీరును పొండు.